చెన్నై ఉప్పుగాలిలో హ్యామ్ టవర్: తుప్పు, పెయింట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈశాన్య రుతుపవనాలు వెళ్ళిపోయి జనవరి ఎండ కాయగానే చెన్నైలోని మన తెలుగు హ్యామ్‌ల (ఔత్సాహిక రేడియో ఆపరేటర్ల) మధ్య యాంటెనా టవర్ గురించి అవే సందేహాలు మళ్ళీ మొదలవుతాయి. ఏ పెయింట్ మంచిది, ఏ కంపెనీది కొనాలి అన్నదే అందరి మొదటి ప్రశ్న. పెయింట్ డబ్బా మూత తీయకముందు చేసే పనుల మీదే టవర్ ఆయుష్షు ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం, అందుకే ఇక్కడ ఉప్పు, నీళ్ళు, బోల్టుల గురించే ఎక్కువ రాశాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## టవర్ నిలబెట్టక ముందు

మాది గాల్వనైజ్ చేసిన (జింక్ పూత పూసిన) టవరే కదా, మళ్ళీ పెయింట్ ఎందుకు?

సముద్రం దగ్గర జింక్ పొర ఇంకా తొందరగా అరిగిపోతుంది కాబట్టి. హాట్ డిప్ చేసిన (కరిగిన జింక్‌లో ముంచి తీసిన) ఇనుము మీద చదరపు మీటరుకు 610 గ్రాముల జింక్ ఉంటే అది సుమారు 85 మైక్రాన్ల మందం. తుప్పు తీవ్రతను బట్టి ఐఎస్ఓ వాతావరణాలకు ఇచ్చిన గ్రేడుల్లో మధ్యస్థమైన సీ3లో జింక్ ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు పోతుంది, ఉప్పు బాగా ఉండే సీ5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. అంటే ఊరి లోపల 40 ఏళ్ళు దాటి నిలిచే పొర బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ తీరంలో 10 నుంచి 20 ఏళ్ళకే అయిపోవచ్చు. ఎన్నూర్, మణలి వైపు ఉప్పుకు పరిశ్రమల పొగలోని గంధకం కూడా తోడవుతుంది. జింక్ మీద సరైన పెయింట్ వేస్తే రెండూ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి, విడివిడిగా వాటి ఆయుష్షు కలిపితే వచ్చేదానికన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి.

షాపులో గాల్వనైజ్ అన్నారు, నాకేమో సిల్వర్ పెయింట్ అని అనుమానం. ఎలా తేల్చుకోవాలి?

ముందు టిన్నర్‌లో ముంచిన గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు వెండి రంగు అంటితే అది అల్యూమినియం పెయింట్. అంటకపోతే నీళ్ళలో కరిగించిన మైలుతుత్తం చుక్క ఒకటి వేసి చూడండి. జింక్ ఉన్నచోట నల్లగా మారుతుంది, ఒట్టి ఇనుము అయితే కాసేపట్లో రాగి రంగు పట్టి అలాగే అంటుకుపోతుంది. చూసిన వెంటనే ఆ చోటును మంచినీళ్ళతో కడిగేయాలి, ఎందుకంటే రాగి ఉప్పు అక్కడే ఉండిపోతే జింక్‌కి అదే శత్రువు. అయస్కాంతంతో ఏమీ తెలియదు, గాల్వనైజ్ చేసినా చేయకపోయినా అతుక్కుంటుంది.

ఫ్యాబ్రికేటర్ వెల్డింగ్ అంతా అయ్యాక గాల్వనైజింగ్‌కి పంపిస్తానంటున్నాడు. నేనేం చూసుకోవాలి?

వరుస సరైనదే. గాల్వనైజ్ చేశాక వెల్డింగ్ చేస్తే ఆ చుట్టూ జింక్ కాలిపోతుంది, ఆ పొగ పీల్చిన వెల్డర్‌కు జ్వరం వస్తుంది. మీరు తప్పకుండా చూడాల్సింది గొట్టాలకు రంధ్రాలు ఉన్నాయా లేదా అన్నది. రెండు చివర్లూ మూసేసిన గొట్టంలో కాస్త తడి చిక్కుకున్నా, దాన్ని సుమారు 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచగానే ఆవిరి ఒత్తిడికి పేలిపోవచ్చు, మనుషులకు ప్రమాదం. పైన గాలి పోవడానికి, కింద జింక్ కారడానికి రంధ్రాలు పెట్టించండి. కింది రంధ్రాలే తర్వాత వాననీళ్ళు బయటికి పోయే దారి అవుతాయి.

బోల్టులకు అంత ప్రాధాన్యం ఎందుకిస్తారు? టవర్ బాగానే ఉంది, బోల్టులే తుప్పు పట్టాయి.

మామూలు హార్డ్‌వేర్ షాపులో మెరుస్తూ దొరికే బోల్టుకు కరెంటుతో పూసిన జింక్ 5 నుంచి 10 మైక్రాన్లే ఉంటుంది, హాట్ డిప్ బోల్టుకు 40 పైన ఉంటుంది. తీరంలో మొదటిది ఒకట్రెండు వానాకాలాలకే ఎర్రబడుతుంది. ప్యారీస్ కార్నర్ దగ్గర సెంబుదాస్ స్ట్రీట్ లాంటి చోట్ల అడిగేటప్పుడు జీఐ (గాల్వనైజ్ చేసిన ఇనుము) బోల్టు అనకండి, హాట్ డిప్ అని విడిగా చెప్పి అడగండి. హాట్ డిప్ పూత తాకితే కాస్త గరుకుగా, మసకగా ఉంటుంది. దాని మీద పూత మందం కాబట్టి నట్టు కూడా దానికి సరిపడా మర పెద్దది చేసినదే తీసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు కావాలనుకుంటే తీరంలో 316 రకం మేలు, 304 మీద టీ మరకల్లాంటివి వస్తాయి. స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా బిగిస్తే మరలు పట్టేసుకుని ఇక ఊడదు, మరలు పట్టేయకుండా చేసే యాంటీ సీజ్ పేస్ట్ రాసి బిగించండి.

ఎర్త్ పిట్‌లో ఉప్పు, బొగ్గు వేయమని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. వేయొచ్చా?

టవర్ కాళ్ళ పక్కన వద్దు. ఉప్పు వేస్తే ఎర్త్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, నిజమే. కానీ అదే ఉప్పు జీఐ పట్టీని, యాంకర్ బోల్టుల్ని మట్టిలోపల మన కంటికి కనపడకుండా తింటుంది. బెంటొనైట్ అనే బంకమట్టి వాడితే ఆ బాధ లేదు. ఇంకో సంగతి, రాగి తీగను నేరుగా గాల్వనైజ్ కాలికి చుట్టకండి. దాని మీద నుంచి కారే వాననీళ్ళతో కింద ఉన్న జింక్ త్వరగా పోతుంది. టవర్‌కు జీఐ పట్టీ వాడటం సులువైన దారి, రాగే పెట్టాలంటే మధ్యలో స్టెయిన్‌లెస్ క్లాంప్ పెట్టి, రాగిని జింక్ కన్నా కిందికి ఉంచండి.

## తనిఖీ

ఏడాదిలో ఎన్నిసార్లు చూడాలి? ముఖ్యంగా ఎక్కడ చూడాలి?

రెండుసార్లు చాలు, సెప్టెంబర్‌లో ఒకసారి, వానలయ్యాక జనవరిలో ఒకసారి. సెప్టెంబర్‌ది వదిలేయకండి. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు మించింది, అలాంటి రోజున తుప్పు తిన్న చోటే ముందు విరుగుతుంది. ముందు కింద నిలబడి బైనాక్యులర్‌తో చూడండి, ఎక్కకుండానే సగం విషయం తెలిసిపోతుంది. కాంక్రీటులోకి కాలు దిగే చోటు, ముక్కలు కలిసే ఫ్లాంజ్‌లు, వెల్డింగ్ అతుకులు, రోటేటర్ (యాంటెనాను తిప్పే మోటారు) ప్లేట్, గై వైర్ (టవర్‌ను పక్కల నుంచి లాగి పట్టే తీగ) పట్టే చోట్లు, వానతో కడగబడని అడుగు భాగాలు, ఇవి ముఖ్యం. చివరిది చాలామంది వదిలేస్తారు. పైభాగాన్ని వాన కడుగుతుంది, బ్రేసింగ్ (కాళ్ళను కలిపే అడ్డకడ్డీలు) అడుగున మాత్రం ఏడాదంతా ఉప్పు పేరుకుంటుంది.

కాలు మీద గోధుమరంగు మరక కనిపిస్తోంది. టెన్షన్ పడాలా?

ముందు మరక ఎక్కడ మొదలైందో చూడండి. చాలాసార్లు అది పైన ఉన్న బోల్టు నుంచి కారిన నీటి మరకే, తుడిస్తే కింద జింక్ బాగానే ఉంటుంది. తెల్లటి పొడి కనిపిస్తే జింక్ తన పని చేస్తోందని అర్థం, ఇనుముకు ఇంకా దెబ్బ తగల్లేదు. ఆందోళన పడాల్సింది పెయింట్ బుడగలకు. బోల్టు తల పక్కన ఉబ్బిన పెయింట్‌ను గోటితో నొక్కండి. చిట్లిపోయి కింద నల్లటి తడి, దాని కింద పొరలు పొరలుగా రేకులు ఊడివస్తే తుప్పు లోపలికి పాకుతోంది. అక్కడ పెయింట్ అంచు గట్టిగా అతుక్కుని ఉన్న చోటిదాకా గీకేయాల్సిందే.

గొట్టం లోపలి తుప్పు బయట నుంచి ఎలా తెలుస్తుంది?

చిన్న సుత్తితో కాలి పొడవునా తట్టుకుంటూ రండి. బాగున్న గొట్టం ఖంగున మోగుతుంది, నీళ్ళో మట్టో తుప్పుపొడో నిండిన చోట మొద్దుగా వినిపిస్తుంది. కింద నీళ్ళు పోయే రంధ్రాన్ని గట్టి తీగతో పొడిచి చూడండి, ఎర్రటి బురద వస్తే చాలాకాలంగా మూసుకుపోయి ఉందని అర్థం. పెయింటర్లు ఆ రంధ్రాన్ని తెలియక పెయింట్‌తో పూడ్చేయడం తరచుగా జరుగుతుంది. పని మొదలయ్యే ముందే చూపించి చెప్పండి. రంధ్రమే లేని పాత టవర్ అయితే బరువు పడే చోట మీ అంతట మీరే డ్రిల్ పెట్టకండి.

ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా సరిపోలిక చూపే కొలత) బాగానే ఉంది కానీ రిసీవర్‌లో శబ్దం పెరిగింది, పక్కింటివాళ్ళ టీవీకి కూడా ఇబ్బంది. తుప్పుకీ దీనికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. తుప్పు పట్టిన అతుకు డయోడ్‌లా పనిచేస్తుంది. మీ సిగ్నల్ దాని మీద పడగానే కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టి చుట్టుపక్కల వినిపిస్తాయి. గాలి వీచినప్పుడు, వాన పడి తడిసినప్పుడు శబ్దం మారుతుంటే ఈ అనుమానం బలపడుతుంది. టవర్ అతుకులే కాదు, గై వైర్ షాకిల్, డాబా మీది రేకుల షెడ్డు, తుప్పు పట్టిన రెయిలింగ్ కూడా ఇదే చేస్తాయి. ఒక్కో అతుకును విప్పి, శుభ్రం చేసి, గట్టిగా బిగిస్తూ వెళ్ళడమే మార్గం.

ఇరవై ఏళ్ళ పాత టవర్ కొంటున్నాను. పెయింట్ చేస్తే సరిపోతుందా, వదిలేయాలా?

పోయిన ఇనుమును పెయింట్ తిరిగి తేలేదు. ఇనుము ఎంత మిగిలిందో కొలవాలి. 40 ఎన్‌బీ (గొట్టం సైజు పేరు) మీడియం గొట్టానికి కొత్తలో గోడ మందం 3.2 మిల్లీమీటర్లు. గీకి శుభ్రం చేశాక ఇప్పుడెంత ఉందో అల్ట్రాసోనిక్ గేజ్‌తో చూడండి, అద్దెకిచ్చేవాళ్ళు ఉంటారు. గుంటలు పడిన చోట తక్కువ కొలత ఎంతన్నదే లెక్క, సగటుతో పని లేదు. వెల్డింగ్ పక్కన సన్నటి పగులు, కాంక్రీటు దగ్గర నడుము సన్నబడటం, చేత్తో వంగే బ్రేసింగ్, వీటిలో ఏది కనిపించినా స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా దాన్ని నిలబెట్టొద్దు, ఎక్కొద్దు. ధర తక్కువని మోహపడొద్దు గురూ, అది మీ ఇంటివాళ్ళ తలల మీద నిలబడేది.

## శుభ్రం చేయడం

ఉప్పు ఎలా పోగొట్టాలి? వాన కడిగేస్తుంది కదా?

వాన కొంతే కడుగుతుంది. మిగిలిన ఉప్పు మీద పెయింట్ వేస్తే అది పెయింట్ గుండా తేమను లాక్కుంటుంది, కింద నుంచి బుడగ లేస్తుంది. కాబట్టి కడగాలి. అయితే ఏ నీళ్ళతో కడుగుతున్నారో చూసుకోండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వెంబడి, తీరం పక్క ఇళ్ళలో బోరు నీళ్ళు తరచుగా ఉప్పగానే ఉంటాయి. ఇంట్లో ఆర్ఓ నీళ్ళు చూసుకునే టీడీఎస్ మీటర్ ఉంటుంది కదా, దాంతో ముందు బకెట్ నీళ్ళు కొలవండి. మెట్రో నీళ్ళో పట్టి ఉంచిన వాననీళ్ళో వాడండి. కాస్త సబ్బునీళ్ళతో నైలాన్ బ్రష్ పెట్టి రుద్ది, రెండుసార్లు జాడించండి. ఉప్పు పోయిందో లేదో తెలియాలంటే డిస్టిల్డ్ నీళ్ళలో తడిపిన దూదితో ఒక జానెడు మేర తుడిచి, ఆ దూదిని అదే నీళ్ళలో పిండి మీటర్‌తో చూడండి. అంకె బాగా పెరిగితే మళ్ళీ కడగాలి.

తుప్పు గీకడానికి వైర్ బ్రష్ చాలా, గ్రైండర్ కావాలా?

ఇనుము బయటపడ్డ చోట ముందు స్క్రేపర్, తర్వాత వైర్ బ్రష్, చివర్లో ఎమరీ పేపర్. గ్రైండర్‌కు కప్ బ్రష్ తగిలిస్తే పని త్వరగా అవుతుంది, కానీ చుట్టూ బాగున్న జింక్‌ను కూడా తీసేస్తుంది, పైగా తుప్పును రుద్ది నున్నగా మెరిపించి మనల్ని మోసం చేస్తుంది. జింక్ మీది తెల్లపొడికి నైలాన్ బ్రష్ చాలు. టవర్ కింద దించి ఉంటే గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడం) అన్నిటికన్నా మేలు. దానికి ఇసుక వాడొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు. అది గట్టిగా అంటుకున్న పల్చటి తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది, ఊడే పొలుసుల మీద పూస్తే పొలుసులతో పాటే ఊడిపోతుంది.

పాత టవర్ మీద నారింజ రంగు ప్రైమర్ ఉంది. గీకేయొచ్చా?

పాతకాలం నారింజ రంగు ప్రైమర్ రెడ్ లెడ్ అయ్యే అవకాశం ఉంది, అంటే సీసం. మామూలు రెడ్ ఆక్సైడ్ ఇటుక రంగులో ఉంటుంది. ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు వేసిన వాటిని నమ్మలేం. పొడిగా గ్రైండర్ పెట్టొద్దు, టార్చితో కాల్చొద్దు. తడిపి గీకండి, కింద టార్పాలిన్ పరచండి, సరైన మాస్క్ వేసుకోండి, పిల్లల్ని డాబా మీదికి రానివ్వకండి.

వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే తుప్పు ఆగుతుందట కదా?

కొన్ని వారాలు ఆగుతుంది. తర్వాత దుమ్మూ ఉప్పూ దానికే అంటుకుంటాయి, డాబా అంతా మరకలు పడతాయి, ఆపైన ఏ పెయింటూ పట్టదు. వద్దు.

## పెయింట్ వేయడం

చెన్నైలో ఏ నెలలో, ఏ వేళలో వేయాలి?

ఫిబ్రవరి నుంచి మే దాకా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తలపెట్టకండి. రోజులో చూస్తే, పొద్దున ఇనుము మీది మంచు ఆరిపోయాక మొదలుపెట్టి మధ్యాహ్నంలోపు ముగించడం మంచిది. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి ఉప్పుతో సహా లోపలికి వస్తుంది, పైగా మేలో అప్పటికి ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలి పెయింట్ పరుచుకోక ముందే ఆరిపోతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే, లేదా ఇనుము ఉష్ణోగ్రత మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోతే ఆపేయాలి. మీటర్ లేదా? తడిగుడ్డతో ఒకచోట తుడవండి, పావుగంటలో ఆరకపోతే ఆ రోజు వేయొద్దు. గీకి మెరిపించిన ఇనుమును మాత్రం ఒక్క రాత్రి కూడా ఖాళీగా వదలకండి, ఆ పూటే ప్రైమర్ పడాలి. అందుకే ఒక రోజులో ప్రైమర్ వేయగలిగినంత మేరే గీకండి.

జీఐ మీద ఇనామెల్ వేయించాను, ఏడాదికే పొట్టులా లేచిపోయింది. పెయింట్ నకిలీదా?

అయ్యుండక్కర్లేదు. ఇనామెల్‌లో, మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లో ఉండే నూనె రెసిన్ జింక్‌తో కలిసి మధ్యలో సబ్బులాంటి పొర తయారుచేస్తుంది, దాంతో పెయింట్ పట్టు వదులుతుంది. పైగా కొత్త జింక్ మరీ నున్నగా ఉంటుంది. జింక్ మీద ముందు ఎచ్ ప్రైమరో, జింక్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీ ప్రైమరో వేయాలి. ఏడాది రెండేళ్ళు ఎండకూ వానకూ ఉన్న జింక్ మసకబారి కాస్త గరుకెక్కుతుంది, దాన్ని కడిగి వేస్తే పెయింట్ ఇంకా బాగా పట్టుకుంటుంది.

ఏ పొర తర్వాత ఏది? ఎంత మందం?

జింక్ ఫాస్ఫేట్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ మధ్య పొర, చివర్లో పాలీయురెథేన్. ఎపాక్సీని చివరి పొరగా వదిలేస్తే ఎండకు సుద్దపొడిలా రాలుతుంది, చెన్నై ఎండకు ఇంకా తొందరగా. తీరంలో ఒట్టి ఇనుము మీద మొత్తం మందం ఆరాక 240 మైక్రాన్లకు తగ్గకూడదు. ప్రతి పొరకు ముందు వెల్డింగ్‌లు, అంచులు, బోల్టు తలల మీద చిన్న బ్రష్‌తో విడిగా ఒకసారి పూయండి. పదునైన అంచు మీద పెయింట్ నిలవకుండా జారి పల్చబడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. రెండు డబ్బాలు కలిపే పెయింట్‌కు వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సుమారు సగానికి పడిపోతుంది, కాబట్టి ఎండాకాలంలో కొంచెం కొంచెమే కలుపుకోండి. ఒక పొరకూ తర్వాతి పొరకూ మధ్య ఎంతసేపు ఉండాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటితే ఎమరీతో గరుకు చేసి వేయాలి.

12 మీటర్ల టవర్‌కి ఎన్ని లీటర్లు కొనాలి?

మూడు కాళ్ళ టవర్, 40 ఎన్‌బీ కాళ్ళు, 12 మిల్లీమీటర్ల కడ్డీ బ్రేసింగ్ అనుకుందాం. కాలి చుట్టుకొలత సుమారు 15 సెంటీమీటర్లు, మొత్తం 36 మీటర్ల పొడవు, అంటే ఐదున్నర చదరపు మీటర్లు. బ్రేసింగ్ ఓ 70 మీటర్లు ఉంటే ఇంకో రెండున్నర పైన. మొత్తం 8 చదరపు మీటర్లు. 60 శాతం ఘనపదార్థం ఉన్న పెయింట్ లీటరుకు 75 మైక్రాన్ల మందంలో 8 చదరపు మీటర్లు వస్తుంది. కడ్డీల మీద బ్రష్‌తో వేసేటప్పుడు బాగా కారుతుంది కాబట్టి పొరకు లీటరున్నర కొనండి.

స్ప్రే డబ్బాలో వచ్చే కోల్డ్ గాల్వనైజింగ్ పనికొస్తుందా?

చిన్న గీతలకు, వెల్డింగ్ మచ్చలకు పనికొస్తుంది. అందులోని జింక్ పొడి ఇనుమును నేరుగా తాకితేనే పనిచేస్తుంది. తుప్పు మీదో పాత పెయింట్ మీదో కొడితే అది రంగు మాత్రమే.

వేటికి పెయింట్ తగలకూడదు?

కనెక్టర్లు, ఇన్సులేటర్లు, బేరింగ్‌లు, టర్న్‌బకిల్ మరలు, ఎర్త్ క్లాంప్ కూర్చునే చోటు, నీళ్ళు పోయే రంధ్రాలు. ముక్కలు కలిసే ముఖాల మధ్య మందంగా పెయింట్ ఉంటే క్రమంగా అణిగి బోల్టు వదులవుతుంది, పిడుగు కరెంటుకూ అడ్డం. యాగీ యాంటెనా అల్యూమినియం గొట్టాలకు పెయింట్ అవసరం లేదు, వాటి అతుకుల్లో యాంటీ ఆక్సిడెంట్ పేస్ట్ చాలు. ఇన్సులేటర్ దగ్గర సిల్వర్ పెయింట్ అసలు వద్దు, అందులో లోహపు పొడి ఉంటుంది.

ఎరుపు, తెలుపు పట్టీలు వేయాలా?

మీనంబాక్కం విమానాశ్రయం, తాంబరం వైమానిక స్థావరం ఉన్న ఊరు ఇది. టవర్ ఎత్తుకు తీసుకున్న ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం)లో రంగు, లైటు గురించి షరతు ఉంటే అదే పాటించాలి. షరతు లేకపోతే లేత బూడిదరంగు వేయండి, ఎండకు తక్కువ వేడెక్కుతుంది, తుప్పు మరక వెంటనే కనిపిస్తుంది.

రోజుకూలీ పెయింటర్‌ని ఎక్కించొచ్చా?

నడుముకు తాడు కట్టుకుని ఎక్కే మనిషిని ఎక్కించకండి, ఎంత అనుభవం ఉన్నా సరే. ఫుల్ బాడీ హార్నెస్, రెండు లాన్యార్డ్‌లు (హార్నెస్‌ను టవర్‌కు తగిలించే తాళ్ళు), హెల్మెట్ మీరే ఇవ్వండి. ఒక లాన్యార్డ్ విప్పే ముందు రెండోది తగిలించి ఉండాలి. తుప్పు తనిఖీ ముగిశాకే ఎవరైనా ఎక్కాలి. ట్రాన్స్‌మిటర్, రోటేటర్ కరెంటు తీసేసి ప్లగ్ మీ దగ్గర పెట్టుకోండి. పక్కన కరెంటు తీగలు ఉంటే టవర్ మీదికి పొడవాటి ఇనుప వస్తువేదీ తీసుకెళ్ళనివ్వకండి. కింద ఇంకో మనిషి ఎప్పుడూ ఉండాలి. టవర్ మడిచి దించే వీలుంటే దించే పెయింట్ చేయండి, ఖర్చు ఎక్కువైనా అదే నా సలహా.

## పెయింట్ అయ్యాక

గై వైర్లకు కూడా పెయింట్ వేయాలా?

వద్దు. పెయింట్ పైన పగిలి తీగల మధ్యకు నీళ్ళు దిగుతాయి, లోపలి తుప్పు కనపడదు. గ్రీజు పట్టించండి, క్లిప్పులు, థింబుల్ దగ్గర ఎక్కువగా. ఒక్క పోగు తెగి ముల్లులా లేచినా ఆ వైరు మార్చాలి. యాంకర్ కడ్డీ మట్టిలోకి దిగే చోట ఒక జానెడు తవ్వి చూడండి, కడ్డీ సన్నబడేది నేల మట్టానికి కాస్త కిందే. ఒకసారికి ఒక్క యాంకరే తవ్వండి, చూశాక మట్టి గట్టిగా దిమ్మిస వేయండి.

మళ్ళీ పెయింట్ ఎప్పుడు?

క్యాలెండర్ చూసి కాదు, జనవరి తనిఖీలో కనిపించినదాన్ని బట్టి. చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపించినప్పుడే ఆ చోట్లు గీకి, ప్రైమర్ కొట్టి, పై పొర వేస్తే ఒక పూట పని. పై పొర మసకబారి సుద్దలా చేతికి అంటుతుంటే కడిగి, గరుకు చేసి, ఒక్క పాలీయురెథేన్ పొర వేస్తే చాలు. చాలాచోట్ల ఒకేసారి పొట్టు లేస్తుంటే మాత్రం అతుకులు వేయకుండా మొత్తం ఒట్టి లోహం దాకా తీసి మొదటి నుంచి చేయించండి. ఏ రోజు ఎక్కడ ఏ పెయింట్ పూశారో ఫోటోతో సహా లాగ్‌బుక్ వెనక పేజీల్లో రాసి పెట్టుకోండి, వచ్చే జనవరిలో పోల్చి చూడటానికి అది ఉండాలి.